గౌరి చెవి నుంచి తీసిన రక్తపు చుక్క

2022 జూలై వరద మా లంకలో ఎవరూ మరచిపోయేది కాదు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం పాతిక లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలో చెబుతున్న పూటకే గోదావరి వైనతేయ పాయ నీళ్లు మా అరుగెక్కేశాయి. మనుషులం బడిలో తలదాచుకున్నాం, పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలాం. చుట్టుపక్కల లంకల పశువులన్నీ ఆ గట్టు మీదే. ఒక్కో గుంజకి మూడేసి పలుపులు. దేని ఒళ్లు దేనికి రాసుకుంటోందో చూసే తీరిక ఎవరికీ లేదు. అలా ఎనిమిది రోజులు.

మావి మూడు. గౌరి అని జెర్సీ క్రాస్ ఆవు, ఐదేళ్లది, అప్పటికి నాలుగో నెల చూడి. దాని పెయ్యకి తొమ్మిది నెలలు. ఇంకోటి గేదె. గట్టు మీద ఐదో రోజున గౌరి మెడ కింద చెయ్యి పెట్టి నిమురుతుంటే గరుకుగా తగిలింది. గోమార్లు, అవే పిడుదులు. మా ఇంటి దగ్గర ఎప్పుడైనా ఒకటో రెండో కనబడేవి, పీకి పారేసేదాన్ని. ఇప్పుడు మెడ కింద, తొడల మధ్య, తోక మొదట్లో గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. రక్తం తాగి ఉబ్బిన ఆడగోమారి అచ్చం ఆముదం గింజలా ఉంటుంది, నున్నగా, బూడిద రంగులో. ఆముదం మొక్కకి శాస్త్రవేత్తలు వాడే రిసినస్ అన్న మాటకి లాటిన్‌లో గోమారి అనే అర్థమని తర్వాత తెలిసింది. పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పేరు ఎంత చక్కగా కుదిరిందో తెలుస్తుంది.

ఆరో రోజున చుట్టుపక్కల ఊళ్లలో పశువులకి మందులు చేసే ఒకాయన వచ్చి, నలతగా ఉన్నవాటికి వరసగా ఇంజెక్షన్లు చేశాడు. గౌరికి కూడా చేయించాం. ఒకే సూది. ఒక ఆవుకి పొడిచి, దూదితో తుడిచి, ఇంకో ఆవుకి. గౌరి పలుపు పట్టుకుని నిలబడి నేనదంతా కళ్లారా చూశాను. తప్పనిపించలేదు. ఆ వరదలో ఎవరో ఒకరు వచ్చి చూశారు, అదే పదివేలనుకున్నాను.

నీళ్లు తీశాయి. ఇంట్లో బురద ఎత్తిపోసుకున్నాం, తడిసిన గడ్డివాము పీకి ఎండబెట్టుకున్నాం. ఆగస్టు మూడో వారంలో ఒక ఉదయం గౌరి పూటకి నాలుగు లీటర్లు ఇచ్చేది ఒకటిన్నర కూడా ఇవ్వలేదు. కుడితి మూతి పెట్టి వదిలేసింది. ఒళ్లు కాలిపోతోంది. కబురంపితే ఒకాయన వచ్చి జ్వరం ఇంజెక్షన్ చేసి వెళ్లాడు. సాయంత్రానికి జ్వరం దిగింది, నెమరు కూడా వేసింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. మర్నాడు తెల్లారేసరికి మళ్లీ మొదలు. మూడోనాటికి పేడ గట్టిపడి, ముదురు రంగులో, పైన జిగురు కట్టి వస్తోంది. కళ్లలో తెల్లగుడ్డు పచ్చబడింది. మా అత్తగారు ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు. పక్కింటి బాబాయి వచ్చి పసిరికలన్నాడు, పసరు పోయిద్దామన్నాడు. ఇంకొకరు వరదనీళ్లు తాగినందుకేనన్నారు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు, అందరూ మా మంచి కోరే చెప్పారు.

ఆ ముందు వారమే బాబాయి వాళ్ల ఆవు పోయింది. దానికీ ఇలాగే జ్వరం, ఇలాగే పచ్చకళ్లు. ఆసుపత్రికని మూడు కిలోమీటర్లు నడిపించుకెళ్తుంటే కాలువ తూము దగ్గర ఉన్నట్టుండి కూలిపోయి ఇక లేవలేదు. ఎండదెబ్బన్నారు. మా ఆయన ఆ మాట తలచుకునే, గౌరిని నడిపించకుండా చిన్న వ్యాను మాట్లాడుకొచ్చారు. గౌరిని వ్యాను ఎక్కించబోతూ, ఎందుకో మనసొప్పక పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేశాను. అవతల మాట్లాడిన డాక్టరమ్మగారు లక్షణాలన్నీ విని మొట్టమొదట అన్నమాట, "దాన్ని కదపొద్దమ్మా. వ్యాను కూడా ఎక్కించకండి. నీడలో ఉంచి, ముందర నీళ్లు పెట్టండి. మేమే వస్తున్నాం."

రెండు గంటల్లో వచ్చారు. జ్వరం చూస్తే 106 డిగ్రీలు. ఆవుకి మామూలుగా ఉండేది 101.5. పెదవి మడిచి చిగుళ్లు చూపించారు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగురు సుద్దముక్కలా పాలిపోయి, మీద పసుపు పూసినట్టుంది. ఆ తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నకి నేను తడుముకున్నాను. "ఉచ్చ ఎలా పోస్తోంది? కాఫీ రంగులోనా, ఎర్రగానా?" ఎర్రగా లేదు, బాగా చిక్కటి పసుపుగా ఉందని మా అత్తగారు చెప్పారు. తెల్లవారుజామున పాక కడిగేది ఆవిడే. "మంచిమాట చెప్పారు పెద్దమ్మగారూ" అని డాక్టరమ్మగారు సంచీలోంచి గాజుపలకలు తీశారు.

ఇంజెక్షన్ చెయ్యకముందే రక్తం తియ్యాలన్నారు. చెవి కొసన వెంట్రుకలు గొరిగి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త సూదితో చిన్నగా గుచ్చారు. ఊరిన చుక్కని గాజుపలక మీద ఒక చివర అద్ది, ఇంకో పలక అంచుని దానికి ఏటవాలుగా ఆనించి, ఒక్క ఊపున ముందుకి లాగారు. రక్తం పల్చటి పొరలా పరుచుకుని, చివర నాలుకలా సన్నబడింది. ఆ రక్తం చూసి నాకు భయమేసింది. రక్తంలా లేదు, నీళ్లు కలిపిన రోజా షర్బత్‌లా ఉంది. గౌరి మెడ కింది నుంచి రెండు గోమార్లని కూడా చిన్న సీసాలో వేసుకున్నారు. అప్పుడు గానీ మందు ఎక్కించలేదు. "ముందు మందు పడితే రక్తంలో సూక్ష్మజీవి కనబడకుండా పోతుంది. అప్పుడు అది ఏ జబ్బో తేల్చడం కష్టం" అన్నారు. మూడు రోజులుగా మేం చేయించిన ఇంజెక్షన్లన్నీ నా కళ్లముందు తిరిగాయి. జ్వరం దించామే తప్ప, జ్వరం ఎందుకొచ్చిందని ఒక్కళ్లమూ చూడలేదు.

"చూడాలనుంటే రండమ్మా" అంటే, మా ఆయన బండి మీద వాళ్ల వెనకే వెళ్లాం. ల్యాబ్‌లో పలకని ముందు మిథనాల్‌లో ముంచారు, తర్వాత జీమ్సా రంగులో అరగంట ఉంచి కడిగి ఆరబెట్టారు. పైన నూనె చుక్క వేసి, వెయ్యి రెట్లు పెద్దగా చూపించే సూక్ష్మదర్శిని కింద పెట్టారు. ఒక కన్ను మూసుకుని చూడమన్నారు. మొదట మసక. చక్రం తిప్పితే తేరుకుంది. లేత గులాబీ రంగు గుండ్రాలు, పళ్లెంలో అప్పడాలు పరిచినట్టు. అవి గౌరి ఎర్ర రక్తకణాలు. వాటిలో ఐదారింటికొకటి చొప్పున, సరిగ్గా అంచున, ముదురు ఊదారంగు చుక్క. అప్పడం అంచుకి ఆవగింజ అంటుకున్నట్టు. ఒక్కోదానికి రెండు కూడా ఉన్నాయి. "అదేనమ్మా అనాప్లాస్మా మార్జినేల్. అంచున ఉంటుంది గనక ఆ పేరు. దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్యుడు 1910లో గుర్తించాడు" అని చెప్పారు. నేను కన్ను తియ్యలేకపోయాను. నా ఆవుని నాలుగు రోజుల్లో పడగొట్టింది ఆ చుక్కలే.

అవి బ్యాక్టీరియాలట. మామూలు బ్యాక్టీరియా అయితే రక్తంలో తిరుగుతూ ఉంటుంది, తెల్లకణాలు పట్టుకుని మింగేస్తాయి. ఇది బయట బతకలేదు. ఎర్రకణం పొరని తన చుట్టూ సంచీలా చుట్టుకుని లోపలికి దూరుతుంది. ఆ సంచీలో కూర్చుని ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, ఒక్కోసారి ఎనిమిది దాకా. తర్వాత కణాన్ని పగలగొట్టకుండానే బయటికొచ్చి పక్క కణాల్లో దూరుతుంది. నన్ను బాగా పట్టేసిన సంగతి ఇదే. కణాల్ని పగలగొట్టేది బ్యాక్టీరియా కాదు. చెడ్డ కణాల్ని ఏరిపారేసే పని ప్లీహానిది. అది తన పని తాను చేస్తూ, జబ్బుపడ్డ ఎర్రకణాల్ని మింగుతూ పోతుంది, ఆ ఊపులో మంచివాటినీ మింగేస్తుంది. రక్తం అలా కరిగిపోతుంది. కణాలు రక్తనాళాల్లో పగలకుండా ప్లీహంలో చితుకుతాయి కాబట్టి ఉచ్చ ఎర్రబడదు, ఒళ్లు మాత్రం పచ్చబడుతుంది. గోమార్లే మోసుకొచ్చే బబీసియా అనే ఇంకో క్రిమి వల్ల వచ్చే జబ్బులో కణాలు రక్తంలోనే పగిలిపోతాయి, ఉచ్చ కాఫీ రంగులో వస్తుంది. అది బ్యాక్టీరియా కాదు, వేరే జాతి ఏకకణజీవి, దాని మందూ వేరు. మా అత్తగారు చెప్పిన ఒక్కమాటతో డాక్టరమ్మగారి అనుమానం ఎటు తిరిగిందో అప్పుడర్థమైంది.

నడిపిస్తే ఎందుకు చచ్చిపోతుందో కూడా అక్కడే తెలిసింది. గౌరి హిమోగ్లోబిన్ నాలుగున్నర. ఆరోగ్యంగా ఉన్న ఆవుకి 8 నుంచి 15 దాకా ఉంటుంది. ప్రాణవాయువు మోసే కణాలు సగం కూడా మిగలని ఆవు, కదలకుండా నిలబడితే ఎలాగో నెట్టుకొస్తుంది. మూడు కిలోమీటర్లు నడవమంటే గుండె తట్టుకోలేదు. తూము దగ్గర పడిపోయిన బాబాయి ఆవు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆయన ఆ ఆవుని బతికించుకోవాలనే నడిపించాడు.

తర్వాత గోమారిని చూపించారు, చిన్న భూతద్దం కింద. మూతి దగ్గర రెండు కత్తుల్లాంటివి, వాటి మధ్య ఒక పొడుగాటి ముల్లు. ఆ ముల్లుకి వరసలు వరసలుగా కొక్కేలు, అన్నీ వెనక్కి వంగి. మా లంకలో గాలం వెయ్యని ఇల్లుండదు, గాలం ముల్లు ఎందుకు ఊడిరాదో మాకు తెలుసు. ఇదీ అంతే. దూరేటప్పుడు సాఫీగా దూరుతుంది, లాగితే చీల్చుకుంటుంది. దాని ఉమ్మిలో కుట్టిన నొప్పి తెలియనివ్వని మందుంది, రక్తం గడ్డకట్టనివ్వనిదుంది, ఒంటి కాపలాని జోకొట్టేదీ ఉంది. అందుకే రోజుల తరబడి వేలాడుతున్నా ఆవుకి పట్టింపుండదు. జబ్బున్న ఆవు రక్తంతో పాటు గోమారి కడుపులోకి పోయిన బ్యాక్టీరియా ముందు అక్కడి కణాల్లో పెరిగి, ఆ తర్వాత ఉమ్మిగ్రంథుల్లోకి చేరుతుంది. ఇక ఆ గోమారి కొత్త ఆవుని పట్టుకుని ఉమ్మి వదిలిందంటే దాంతో పాటే దిగుతుంది.

ఇక్కడ నాకో అనుమానం వచ్చి అడిగాను. మన పశువుల మీద ఉండే ఈ గోమారి పిల్లగా ఎక్కిన ఆవు మీదే మూడు వారాలు ఉండి, పెద్దదై, అక్కడే జతకట్టి, రక్తం తాగి రాలిపోతుందని ఆవిడే చెప్పారు. ఒక్క ఆవు మీదే జీవితం గడిపేది ఇంకో ఆవుకి జబ్బెలా తెస్తుంది? దోమ అంటే ఎగురుతుంది. "మగవి" అన్నారు. ఆడది ఒకచోట అతుక్కుని కూర్చుంటుంది. మగగోమారి ఆడవాటిని వెతుక్కుంటూ తిరుగుతుంది. ఒళ్లూ ఒళ్లూ రాసుకుంటూ కట్టేస్తే ఒక ఆవు మీది నుంచి ఇంకో ఆవు మీదికి నడిచిపోతుంది, పోయినచోటల్లా కుడుతుంది. ఈ బ్యాక్టీరియాని ఒళ్లో పెట్టుకుని ఊరేగించేది ఎక్కువగా అదే. గుడ్ల ద్వారా పిల్లలకి ఇది మామూలుగా పోదు. బబీసియా మాత్రం గుడ్లలోంచే పోతుంది. ఆ సంగతి అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు 1893లోనే రుజువు చేశారట. మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న. అంటే పురుగుల వల్ల జబ్బులు పాకుతాయని మలేరియా దోమకంటే ముందు రుజువు చేసింది గోమారే.

మగగోమారి సంగతి వినగానే ఏటిగట్టు కళ్లముందుకొచ్చింది. గుంజకి మూడు పలుపులు. అప్పుడు భయం భయంగా సూది సంగతి కూడా చెప్పాను. డాక్టరమ్మగారు కాసేపు ఏం మాట్లాడలేదు. "జోరీగ మూతికి అంటిన రక్తం చాలమ్మా ఇది పాకడానికి. సూది బోలులో అంతకంటే ఎక్కువే ఉంటుంది" అన్నారు. ఈ జబ్బు ఒంట్లో దూరాక బయటపడడానికి వారం నుంచి రెండు నెలలు పడుతుంది, మామూలుగా నాలుగు వారాలు. జూలై మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారానికి సరిగ్గా నాలుగు వారాలు. గోమారి తెచ్చిందో సూది తెచ్చిందో ఎవరూ చెప్పలేరు. నాకు మాత్రం ఆ పలుపు పట్టుకుని చూస్తూ నిలబడ్డ రోజు మనసులోంచి పోదు.

మందు ఆక్సీటెట్రాసైక్లిన్. ఎక్కువ రోజులు పనిచేసే రకం, కండలో లోతుగా. మూడో రోజున మళ్లీ ఇచ్చారు. రక్తం పట్టడానికి బలం మందులు వేరే. నేను రోజూ పొద్దునా సాయంత్రం జ్వరం చూసి నోట్‌బుక్‌లో రాశాను. రెండో రోజుకి 103, నాలుగో రోజుకి 101.8. కానీ జ్వరం దిగినంత తేలిగ్గా రక్తం పట్టదు. వారం దాకా నిలబడితే కాళ్లు వణికేవి. ఆరో రోజు రాత్రి చూడి నిలవలేదు. ఐదో నెల పిండం. మా అత్తగారు గౌరి గంగడోలు నిమురుతూ తెల్లవార్లూ పాకలోనే కూర్చున్నారు. నేను కూడా. ఒంట్లో రక్తం చాలనప్పుడు కడుపులో ఉన్నదానికి అందదని డాక్టరమ్మగారు ముందే చెప్పి ఉంచారు, అయినా చూసినప్పుడు తట్టుకోవడం కష్టమే.

మందు ప్రభావం ఉన్నన్నాళ్లూ పాలు కేంద్రానికి పొయ్యొద్దన్నారు, పొయ్యలేదు. ఈ జబ్బు మనుషులకి వస్తుందా అని ఊళ్లో అందరూ అడిగారు. ఈ జాతి బ్యాక్టీరియా మనుషులకి సోకదు. స్క్రబ్ టైఫస్ ఇదేనా అనడిగినవాళ్లూ ఉన్నారు. అది వేరే బ్యాక్టీరియా, మోసుకొచ్చేది పొదల్లో ఉండే, కంటికి ఆనీ ఆనని ఇంకో పురుగు పిల్లలు.

ఇక పాక. నిజానికి మాకు ఎక్కువ రోజులు పట్టింది దీనికే. ఒంటి మీది గోమార్లని పీకేస్తే పనైపోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. రక్తం తాగి రాలిన ఒక్కో ఆడది నేలబీటల్లో, గోడ మొదట్లో, చెత్త కింద దూరి రెండు మూడు వేల గుడ్లు పెట్టి చస్తుంది. వాటిలోంచి వచ్చిన పిల్లలు ఆవగింజలో సగం కూడా ఉండవు, ఆరే కాళ్లు. గడ్డిపరక కొసకెక్కి, ముందుకాళ్లు గాల్లో చాచి కూర్చుంటాయి. ఆ ముందుకాళ్లలోనే వాటికి ముక్కులాంటిదుంది. ఆవు ఊపిరి, ఒంటి వెచ్చదనం దాంతోనే పసిగడతాయి. తిండి లేకుండా వారాలు, నెలలు ఆగగలవు. మేం నేల బీటలన్నీ సిమెంటుతో పూడ్చాం. గోడలకి సున్నం కొట్టాం. పాత తాటాకు దించి కాల్చేశాం. గడ్డివాముని పాకకి దూరంగా జరిపాం. మూడింటికీ ఒకేరోజున, డాక్టరమ్మగారు చెప్పిన కొలతలో మందునీళ్లతో చెవుల లోపల, తోక కింద, గిట్టల మధ్య కూడా తడిపాం. నాకకుండా ఆరేదాకా మూతికి చిక్కాలు కట్టాం. మొదటిసారి తప్పించుకున్నవీ, తర్వాత పిగిలినవీ ఉంటాయని మళ్లీ మళ్లీ కొట్టమన్నారు. పీకినవాటిని గోటితో నలపడం మానేసి కిరోసిన్ డబ్బాలో వేస్తున్నాను. పాకలోకి కోళ్లని వదిలితే అవీ ఏరుకు తింటున్నాయి.

గేదెకి ఏమీ కాలేదు. పెయ్యకి ఆ వారంలోనే రెండు రోజులు ఒళ్లు వెచ్చబడి, దానంతటదే తగ్గిపోయింది. దానికీ సోకే ఉంటుందన్నారు. ఏడాది లోపు దూడల్ని ఈ జబ్బు పెద్దగా బాధించదు, వయసు పెరిగినకొద్దీ తీవ్రత పెరిగి, మూడేళ్లు దాటినవాటికి ప్రాణం మీదికి తెస్తుంది. మరో మాట కూడా చెప్పారు. తేరుకున్న గౌరి ఒంట్లోంచి ఆ బ్యాక్టీరియా పూర్తిగా పోదు. ఒళ్లు దాన్ని గుర్తుపట్టి తరుముతుంటే అది పైచొక్కా మార్చుకున్నట్టు తన పైపూత మార్చుకుంటూ, కొన్ని వారాలకోసారి కొత్త వేషంతో కొద్దికొద్దిగా మిగిలే ఉంటుంది. గౌరికి మళ్లీ జబ్బు రావడం అరుదు. కానీ జన్మంతా దాని రక్తం ఇంకో ఆవుకి ప్రమాదమే. గట్టు మీద మా పక్కన కట్టేసిన ఆవుల్లో కూడా అలా నిండుగా, నిగనిగలాడుతూ ఉన్నది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఆ యజమానికి ఇప్పటికీ తెలిసుండదు.

నవంబరుకి గౌరి చిగుళ్లు ఎరుపు తిరిగాయి. సంక్రాంతి వెళ్లాక మళ్లీ చూడి కట్టింది.

మరుసటేడు జూలైలో కూడా నీళ్లొచ్చాయి, అంత కాకపోయినా. మళ్లీ ఏటిగట్టే. ఈసారి బాబాయి, మేమూ కలిసి మా పశువుల్ని గట్టు చివర విడివిడిగా కట్టుకున్నాం, ఒక్కోదానికి ఒక్కో గుంజ. పోయినేడు వచ్చినాయనే మళ్లీ సంచీతో వచ్చాడు. నేను మందుల షాపులో కొని తెచ్చుకున్న సూదుల పొట్లం తీసి ఆయన చేతికిచ్చాను. "బాబూ, ఒక్కోదానికి ఒక్కోటి వాడండి. మావాటికే కాదు, అన్నిటికీ సరిపోతాయి" అన్నాను. ఆయన పొట్లం కేసి, నా కేసి చూసి, చేతిలో ఉన్న పాత సూది సంచీలో పెట్టేసి కొత్తది విప్పాడు.